ట్రాక్‌లో నాలుగో ల్యాప్‌కే బ్రేక్ పెడల్ కిందకి పోతోంది, పెద్ద డిస్కులు వేయించాలా? (పోలో జీటీ టీఎస్‌ఐ)

బెజవాడ_టీఎస్‌ఐ
కారు 2015 పోలో జీటీ టీఎస్‌ఐ. ఇంజను, సస్పెన్షన్ అన్నీ కంపెనీవే. ముందు 256 మి.మీ. డిస్కులు, వెనక డ్రమ్ములు, టైర్లు 185/60 ఆర్15. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో మూడు ల్యాపులు బాగానే ఉంటున్నాయి. నాలుగో ల్యాప్ నుంచి పెడల్ మెత్తబడి సగానికి పైగా లోపలికి దిగిపోతోంది. గబగబా రెండుసార్లు తొక్కితే కాస్త పైకి వస్తుంది. పిట్‌లో అరగంట ఆపితే మామూలవుతుంది గానీ మొదట్లో ఉన్నంత గట్టిగా మాత్రం ఉండట్లేదు. ప్యాడ్లు కంపెనీవే. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీస్ బుక్కులో రాసి లేదు. గ్యారేజీలో నాలుగు పిస్టన్ల కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) కిట్టు, పెద్ద డిస్కులు వేయించుకోమంటున్నారు. రోజూ ఆఫీసుకి కూడా ఇదే కారు. ఏది ముందు చేయించాలి?

స్పానర్_సత్తి
కిట్టు మాట పక్కన పెట్టండి. మీ బ్రేక్ ఆయిల్ మరిగిపోతోంది. ముందు అది మార్చండి.

డాట్_ఫోర్
సత్తి గారి మాటే నాదీ. ఎందుకో వివరంగా చెప్తాను.

ట్రాక్ మీద బ్రేకులు రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే తప్పు ప్యాడ్లది. పెడల్ మెత్తబడి లోపలికి పోతే కాలిపర్లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే ఖర్చయిపోతుంది. రెండుసార్లు తొక్కితే పెడల్ పైకి వస్తోందన్నారు, అదే రుజువు. చల్లారాక కూడా పాత గట్టిదనం రావట్లేదంటే లోపల ఇంకా కొంత గాలి మిగిలి ఉంది. బ్లీడింగ్ (గాలితో సహా ఆయిల్ బయటకి వదలడం) చేసేదాకా అది పోదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్ గ్రేడు) ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీళ్ళు చేరాక అదే ఆయిల్‌కి ప్రమాణం 155 డిగ్రీలు. డాట్ 3 అయితే 205, 140. మీ బెజవాడ ఉక్కలో ఎన్నేళ్ళ నుంచి ఉందో తెలియని ఆయిల్ ఇప్పుడు ఏ అంకె దగ్గర ఉందో మీరే అంచనా వేసుకోండి.

మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 తీసుకోండి. కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీలు తట్టుకుంటుంది. కాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ ఇంకా గట్టిది, తేమ చేరాక కూడా 270 దాకా నిలబడుతుంది గానీ ధర చాలా ఎక్కువ. అర లీటరు సీసాలు రెండు ఉంటే పాతదంతా తోసెయ్యడానికి సరిపోతుంది. మూత తీసి అలమరలో పెట్టిన సీసా మళ్ళీ వాడొద్దు. ఇంకో మాట, డాట్ 5.1 వేరు, డాట్ 5 వేరు. డాట్ 5 సిలికాన్ ఆయిల్, ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో పొయ్యకూడదు.

హైద్_టీఎస్‌ఐ
@డాట్_ఫోర్ అన్నా, ఫోక్స్‌వ్యాగన్ 501 14 స్పెక్ అని పల్చటి ఆయిల్ అడుగుతుంది కదా. రేసింగ్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసేది) వాల్వులు నెమ్మదిస్తాయని చదివాను.

డాట్_ఫోర్
ఆ చిక్కదనం మైనస్ 40 డిగ్రీల దగ్గర కొలుస్తారు తమ్ముడూ. అక్కడ మామూలు డాట్ 4కి పరిమితి సెకనుకి 1,800 చదరపు మి.మీ., పల్చటి రకానికి 750. లంబసింగి చలి కూడా సున్నా దగ్గరే ఆగుతుంది, మన రోడ్ల మీద ఆ తేడా పెడల్‌కి తెలిసేంత ఉండదు. రేస్ ఆయిల్‌తో ఉన్న అసలు ఇబ్బంది వేరు: ఏళ్ళ తరబడి వదిలేసే ఆయిల్ కాదది. ట్రాక్‌కి వెళ్ళే బండికి ఏడాదికోసారి పూర్తిగా మార్చాలి, ప్రతి ట్రాక్‌డేకి ముందు కాలిపర్ల దగ్గర కొంచెం వదలాలి.

నల్గొండ_గేర్
ఆయిల్ ఒక్కటి మారిస్తే అయిపాయె అనుడు తప్పు. ఆయిల్ మరగకుండ అయితది, గప్పుడు ప్యాడ్ల వంతు వస్తది. కంపెనీ ప్యాడ్ పొద్దుగాల సల్లగున్నప్పుడు పట్టాలె, సప్పుడు జెయ్యొద్దు, డిస్కును తినొద్దు. గా లెక్కల తయారు జేస్తరు. 350, 400 డిగ్రీలు దాటినంక అండ్ల ఉన్న రెసిన్ కాలి గ్యాస్ ఇడుస్తది, పట్టు జారుతది. అట్ల ఒకసారి కాలిన ప్యాడ్ మొఖం అద్దం లెక్క మెరుస్తది, తర్వాత సల్లారినా పాత పట్టు రాదు.

నా మాట ఇంటే ఫెరోడో డీఎస్2500. 500 డిగ్రీల దాక పట్టు ఉంటది, ఆఫీసుకు పోనీకి గూడ నడుస్తది, జర కీచుమంటది అంతే. అచ్చం రేస్ ప్యాడ్లు మాత్రం రోడ్డు బండికి ఎయ్యకు. సల్లగున్నప్పుడు మొదటి తొక్కుడుకు పట్టవు, అడ్డం ఎవడన్న ఉరికొస్తే కష్టం.

బెజవాడ_టీఎస్‌ఐ
ప్యాడ్లలో ఇంకా 6 మి.మీ. ఉంది. అవి అరిగేదాకా ఉంచి తర్వాత మార్చనా?

నల్గొండ_గేర్
6 రోడ్డుకు సాలు, ట్రాక్‌కు సాలదు. ప్యాడ్ మందం తగ్గినకొద్ది డిస్కు వేడి పిస్టన్‌కు, పిస్టన్ కెళ్ళి ఆయిల్‌కు జల్ది పోతది. సగం అరిగినయ్ తీసి పక్కకు పెట్టు, ఇంటికి వచ్చినంక మళ్ళ రోడ్డుకు ఎక్కిచ్చు.

లెక్కల_మాస్టారు
వేడి ఎంత పుడుతుందో వేసి చూస్తే ఈ గొడవంతా తేలిగ్గా అర్థమవుతుంది. బండి, మనిషి, పెట్రోలు కలిపి 1,200 కిలోలు అనుకుందాం. 150 నుంచి 70కి ఒక్క బ్రేకింగ్‌లో పోయే శక్తి సుమారు 815 కిలోజౌళ్ళు. అందులో ముప్పావు వంతు ముందు చక్రాలది. అంటే ఒక్కో ముందు డిస్కు మీద 305 కిలోజౌళ్ళ పైన. డిస్కు బరువు 5 కిలోలైతే, వేడంతా దానికే ఎక్కిందనుకుంటే ఒక్క తొక్కుడుకి 125 డిగ్రీల పెరుగుదల. ఇరుంగాట్టుకోట్టై ల్యాపు 3.717 కిలోమీటర్లు. అందులో ఇంత గట్టి బ్రేకింగ్ రెండు మూడు చోట్ల వచ్చినా, ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య పూర్తిగా చల్లారే టైమ్ లేదు. ఎక్కే వేడికీ దిగే వేడికీ మధ్య మిగిలేది ల్యాపు ల్యాపుకీ పేరుకుంటుంది. మీకు నాలుగో ల్యాప్‌లో తెలుస్తున్నది అదే.

డిస్కు 7 కిలోలైతే అదే తొక్కుడుకి 90 డిగ్రీలు. పెద్ద డిస్కు వల్ల లాభం ఇక్కడుంది.

హైద్_టీఎస్‌ఐ
లాభం అక్కడేనా? పెద్ద డిస్కు వేస్తే బండి తక్కువ దూరంలో ఆగదా?

స్పానర్_సత్తి
ఆగదు. స్టాక్ బ్రేకుతోనే గట్టిగా తొక్కితే ఏబీఎస్ కొడుతోంది కదా? అంటే టైరు పట్టు కంటే బ్రేకు బలం ఇప్పటికే ఎక్కువుంది. బండిని ఆపేది టైరు. మొదటి ల్యాప్‌లో ఎంత దూరంలో ఆగిందో ఆరో ల్యాప్‌లో కూడా అంతే దూరంలో ఆగాలంటే వేడి సంగతి చూసుకోవాలి.

గుంటూరు_ఘాట్
సత్తి గారు కిట్టుని మరీ తీసిపారేస్తున్నారు. బుద్ధ్ సర్క్యూట్ లాంటి చోటికి వెళ్తే ల్యాపు 5.125 కిలోమీటర్లు, వెనక స్ట్రెయిట్ ఒక్కటే కిలోమీటరు పైన. అక్కడ చిన్న డిస్కు, మంచి ఆయిల్, మంచి ప్యాడ్లు ఉన్నా ఇబ్బందే. కోయంబత్తూరు కారి ట్రాక్ 2.1 కిలోమీటర్లే, అక్కడ వేగం తక్కువ గానీ బ్రేకు మీద కాలు పడేది ఎక్కువసార్లు. ట్రాకుని బట్టి మాట్లాడాలి.

స్పానర్_సత్తి
@గుంటూరు_ఘాట్ బుద్ధ్‌కి వెళ్ళేవాళ్ళకి మీ మాట ఒప్పుకుంటాను. ఈయన వెళ్ళేది ఇరుంగాట్టుకోట్టైకి, స్టాక్ ఇంజను, పదిహేను నిమిషాల సెషన్లు. ఆయిల్, ప్యాడ్లు, గాలి. ఈ మూడూ అయ్యాక కూడా నిలవకపోతే అప్పుడు డిస్కు.

లెక్కల_మాస్టారు
కిట్టు కొనేవాళ్ళు పిస్టన్ లెక్క తప్పకుండా వెయ్యాలి. ఉదాహరణకి స్టాక్ కాలిపర్లో 54 మి.మీ. పిస్టన్ ఒకటి ఉందనుకోండి, వైశాల్యం సుమారు 2,290 చదరపు మి.మీ. నాలుగు పిస్టన్ల కాలిపర్లో ఒక పక్కనున్న రెండే లెక్కలోకి వస్తాయి. 38 మి.మీ. పిస్టన్లు రెండైతే 2,268. దాదాపు సమానం, పెడల్ మారదు. 42 మి.మీ.వి అయితే 2,770, అంటే 21 శాతం ఎక్కువ. అదే మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే సిలిండర్) పెడల్ ఇంకా లోపలికి దిగుతుంది, ముందు చక్రాల వాటా పెరుగుతుంది, వెనక డ్రమ్ములు చేసే పని ఇంకా తగ్గుతుంది. "నాలుగు పిస్టన్లు" అన్న మాట విని డబ్బు పెట్టకండి, సైజు అడగండి.

గుంటూరు_ఘాట్
ఇంకో రెండు విషయాలు. కొన్ని కార్లలో కాలిపర్ నేరుగా నకిల్ (చక్రం హబ్‌ని మోసే భాగం) మీదే కూర్చుంటుంది, కొన్నిట్లో మధ్యలో విడి బ్రాకెట్ ఉంటుంది. పెద్ద మోడల్ కారు నుంచి తీసిన బ్రేకులు కొనేముందు చక్రం విప్పి ఇది చూడాలి. లేకపోతే నకిళ్ళు కూడా కొనాల్సి వస్తుంది. రెండోది చక్రం లోపలి ఖాళీ. కాలిపర్ ఆకారం అట్టముక్కలో కత్తిరించి, మీ 15 అంగుళాల చక్రంలో పెట్టి తిప్పి చూడండి. స్పోక్‌కీ కాలిపర్‌కీ మధ్య 3 మి.మీ. అయినా ఉండాలి. బ్యాలెన్సింగ్ కోసం లోపల అంటించే సీసం ముక్కలు తగులుతాయేమో కూడా చూసుకోండి.

కోస్తా_క్లచ్
స్టీల్ అల్లిక బ్రేక్ గొట్టాలు వేయిస్తే?

స్పానర్_సత్తి
పెడల్ కాస్త బిగువుగా అనిపిస్తుంది, రబ్బరు గొట్టం ఉబ్బే గుణం పోతుంది కాబట్టి. మరిగే ఆయిల్‌కి అది మందు కాదు. వేయిస్తే స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, చక్రం కిందకి వేలాడేసి, ఎక్కడా లాగట్లేదని, టైరుకి రాసుకోవట్లేదని చూడాలి. అల్లిక తీగ రాసుకుంటే పక్కనున్న దేన్నయినా రంపంలా కోసేస్తుంది.

బెజవాడ_టీఎస్‌ఐ
ఆయిల్ మార్చడం ఇంట్లో చేసుకోవచ్చా? జాకీ స్టాండ్లు ఉన్నాయి.

స్పానర్_సత్తి
ఇద్దరుంటే చేసుకోవచ్చు. జాగ్రత్తగా చదవండి.

ముందుగా రిజర్వాయర్లో (బ్రేక్ ఆయిల్ డబ్బా) ఉన్న పాత ఆయిల్ సిరంజితో లాగేసి కొత్తది నింపండి. గొట్టాల్లోంచి నల్లటిదంతా పోయేదాకా ఊరికే తొక్కే పని తగ్గుతుంది. ఏ చక్రం ముందు, ఏది తర్వాత అన్నది మీ కారు మాన్యువల్లో ఎలా ఉంటే అలా చేయండి. "దూరంది ముందు" అనే పాత సూత్రం ఏబీఎస్ బండ్లన్నిటికీ వర్తించదు. నిప్పుల్ (ఆయిల్ బయటకి వదిలే చిన్న మర) మీద రింగు స్పానరే పెట్టాలి. ఓపెన్ ఎండ్ పెడితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత నిప్పుల్ ఊడి రాదు. స్పానర్ పెట్టి, నిప్పుల్ కొసకి పారదర్శక గొట్టం తొడిగి, గొట్టం రెండో కొస సీసాలో ఉన్న ఆయిల్లో మునిగేలా పెట్టండి.

లోపలివాళ్ళు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. మీరు నిప్పుల్ పావు చుట్టు వదలాలి. ఆయిల్ వచ్చాక బిగించాలి. బిగించానని మీరు చెప్పాకే కాలు తియ్యాలి. ఇద్దరి మధ్య మాట పొరపాటైతే గాలి వెనక్కి లాగేసుకుంటుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్లో మామూలుగా పిస్టన్ తిరగని భాగం తుప్పు పట్టి గరుకుగా ఉంటుంది. నేలదాకా తొక్కితే సీలు పెదవి అక్కడ కోసుకుపోతుంది, ఆయిల్ మార్చిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పోయిందని ఏడవాల్సి వస్తుంది.

రిజర్వాయర్ ఎప్పుడూ మినిమమ్ గీత కిందకి పోకూడదు. పోయి ఏబీఎస్ యూనిట్లోకి గాలి చేరితే చేత్తో తీయలేరు, స్కానర్ పెట్టి పంపు తిప్పించాలి. ఒలికిన ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగండి.

రేణిగుంట_రివ్స్
అందరూ ముందు చక్రాలే చూస్తాండారు. వెనక డ్రమ్ముల్లో లైనర్లు (డ్రమ్ము లోపల రాసుకుని ఆపేవి) సరిగ్గా సెట్ కాకపోతే పెడల్ సగం ప్రయాణం అక్కడే పోతాది. డ్రమ్ము ఊడదీసి దుమ్ము తుడిచి (నోటితో ఊదొద్దండి, పీలిస్తే ఊపిరితిత్తులకు చెడుపు), వీల్ సిలిండర్ రబ్బరు మూత మెల్లగా ఎత్తి చూడండి. తడి కనపడితే సిలిండర్ మార్చాల్సిందే. అడ్జస్టర్ బిగించేటప్పుడు చక్రం చేత్తో తిప్పితే లైనరు సన్నగా రాసుకునే చప్పుడు రావాల, పట్టేయకూడదు. వెనక డిస్కుల మార్పిడికి ఎవరైనా డబ్బు అడిగితే ఈ కారుకు వద్దనండి. వెనక చక్రాల మీద పడేది పావు వంతు పనే, ఆ మాత్రం వేడికి డ్రమ్ము చాలు.

కోస్తా_క్లచ్
నేను కూడా అదే అందామనుకున్నా. హ్యాండ్‌బ్రేక్ కేబుల్, బ్రాకెట్లు, ఏబీఎస్ రింగులు అన్నీ మార్చాల్సిన తతంగం అది.

హైద్_టీఎస్‌ఐ
సత్తన్న చెప్పిన మూడోది గాలి. అది ఎలా?

గుంటూరు_ఘాట్
బంపర్లో ఫాగ్ లైట్ ఉన్నచోట నుంచి 75 మి.మీ. గొట్టం డిస్కు దాకా లాగడం. గొట్టం చివర డిస్కు ముఖం మీద ఊదకూడదు. ఒక పక్కే చల్లబడి రెండు ముఖాల మధ్య తేడా వస్తే పగుళ్ళు మొదలవుతాయి. డిస్కు మధ్యలో, హబ్ పక్కన గాలి వదిలితే డిస్కు లోపలి రెక్కలు దాన్ని లాక్కుని బయటకి విసురుతాయి, రెండు ముఖాలూ సమంగా చల్లబడతాయి. వెనకున్న రేకు డాలు పూర్తిగా తీసేసేవాళ్ళున్నారు. ఈయన రోజూ తిరిగే బండి కాబట్టి వద్దు. మన వానాకాలం రోడ్ల మీద బురద, కంకర నేరుగా డిస్కు మీద పడతాయి. డాలుకి గొట్టం పట్టేంత కన్నం చాలు.

రంధ్రాల డిస్కులు మాత్రం కొనొద్దు. అందంగా ఉంటాయి గానీ వేడెక్కి చల్లారుతుంటే ఆ రంధ్రాల అంచుల నుంచే పగులుతాయి. గాడుల డిస్కు, లేకపోతే మామూలు డిస్కు.

హైద్_టీఎస్‌ఐ
ప్యాడ్లు మార్చాక 80 నుంచి బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుందని చాలామంది అంటారు. డిస్కు వంగిందని చెప్పి మార్చేస్తున్నారు.

డాట్_ఫోర్
చాలావరకు వంగడం కాదది. ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా అంటుకుంటుంది. సెషన్ అయ్యాక ఎర్రగా కాలిన డిస్కుని బ్రేకు తొక్కి పట్టుకుని ఆపితే ప్యాడ్ ఉన్నచోటే ముద్ర పడుతుంది. అందుకే కొత్త ప్యాడ్లు వేశాక బెడ్డింగ్ (ప్యాడ్ పొర డిస్కు మీద సమంగా అంటేలా చెయ్యడం) చెయ్యాలి: 100 నుంచి 30కి, మధ్యస్థం కంటే కొంచెం గట్టిగా, ఎక్కడా పూర్తిగా ఆగకుండా ఎనిమిది పదిసార్లు. తర్వాత పది నిమిషాలు బ్రేకు దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చాలి. డిస్కు మీద సమంగా బూడిదరంగు నీలం పొర కనిపిస్తే అయినట్టు.

నల్గొండ_గేర్
ఇది రోడ్డు మీద జేయొద్దన్నా. ఓఆర్‌ఆర్ మీద 100 నుంచి 30కి కొడితే ఎనక లారీ వాడు ఏం గావాలె? ట్రాక్‌ల మొదటి సెషన్ దీనికే ఇడువు.

డాట్_ఫోర్
ఒప్పుకుంటున్నా. ట్రాక్‌లోనే చేయండి, మొదటి సెషన్ లాప్ టైమ్ చూడొద్దు.

లెక్కల_మాస్టారు
వేడి ఎంత ఎక్కిందో ఊహించడం మానేసి కొలవండి. డిస్కు అంచుకి పూసే ఉష్ణోగ్రత రంగులు దొరుకుతాయి. ఆకుపచ్చది 430, నారింజ 560, ఎరుపు 610 డిగ్రీల దగ్గర రంగు మారతాయి. డీఎస్2500 వేసి నారింజ కూడా మారిపోయిందంటే ప్యాడ్ హద్దు దాటారు, ఇక గాలి గొట్టమో పెద్ద డిస్కో కావాలి. లేజర్ గన్ను మెరిసే డిస్కు మీద తప్పు చూపిస్తుంది, దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోకండి.

రేణిగుంట_రివ్స్
ఒక చక్రం రంగు మాత్రమే మారిందనుకో, మలుపులో యాక్సిలేటర్ తొందరగా తొక్కుతాండారని అర్థం. తిరిగిపోయే లోపలి చక్రాన్ని ఎలక్ట్రానిక్స్ బ్రేకుతో పట్టుకుంటాయి. ఆ వేడి మీకు తెలియకుండా ఎక్కుతాది. కాలిపర్ పిన్ను పట్టేసినా అంతే, అప్పుడు లోపలి ప్యాడు, బయటి ప్యాడు అరుగుదల వేరేగా ఉంటాది. పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాల. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుపోతాది.

కోస్తా_క్లచ్
ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. మన పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ కావు, ట్రాక్‌లో గోడకి తగిలితే మీదే ఖర్చు. కంపెనీ స్పెక్ దాటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. పెద్ద కిట్టు వేయించే ముందు ఆర్టీఓ దగ్గర కనుక్కోండి. ఆయిల్, అదే సైజు ప్యాడ్లతో ఈ తలనొప్పి లేదు.

బెజవాడ_టీఎస్‌ఐ
అయితే ఆర్‌బీఎఫ్ 600 ఒక లీటరు, డీఎస్2500 ముందు సెట్టు, పిన్నుల గ్రీజు, వెనక లైనర్ల సెట్టింగ్. డిస్కులు కొలిస్తే 20.6 మి.మీ. ఉన్నాయి. మార్చాలా?

గుంటూరు_ఘాట్
కొత్తది 22, కనీసం 19. డిస్కు మీదే రాసి ఉంటుంది చూడండి. 20.6తో ఒక ట్రాక్‌డే చేయొచ్చు గానీ మందం తగ్గినకొద్దీ వేడి దాచుకునే ఇనుమూ తగ్గుతుంది. కొత్త ప్యాడ్లు వేస్తున్నారు కాబట్టి డిస్కులు కూడా కొత్తవి, అదే సైజువి వేసేయండి. పాత ప్యాడ్ పొర మీద కొత్త ప్యాడ్ పదార్థం సరిగ్గా కూర్చోదు.

స్పానర్_సత్తి
సెషన్ చివరి ల్యాపు బ్రేకు ముట్టకుండా నడపండి. పిట్‌లోకి రాగానే హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేరు పీలో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. గాలి ఆగిపోయాకే డిస్కు వేడి కాలిపర్లోకి పాకుతుంది, తిరుగుతున్నప్పుడు మరగని ఆయిల్ నిలబడ్డప్పుడు మరుగుతుంది. ఐదు నిమిషాలకోసారి బండిని అడుగు ముందుకి తొయ్యండి. మళ్ళీ ట్రాక్ మీదకి వెళ్ళేముందు పిట్‌లోనే పెడల్ తొక్కి చూడండి, మెత్తగా ఉంటే బయల్దేరొద్దు.

డాట్_ఫోర్
సామాన్లో మిగిలిన ఆయిల్ సీసా, నిప్పుల్ స్పానర్, గొట్టం, పాత ప్యాడ్లు పెట్టుకోండి. వీల్ బోల్టులు టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లు, మొదటి సెషన్ అయ్యి చక్రాలు చల్లారాక ఇంకోసారి చూడండి.